గడ మీద ఆడితే దొమ్మరి, గుడారంలో ఆడితే కళాకారుడు

తెలుగులో ఒకే పనికి రెండు మాటలున్నాయి. ఒక నాయకుడు కిందా మీదా పడి మెజారిటీ నిలబెట్టుకుంటే మన పత్రికలు ‘సర్కస్ ఫీట్లు’ అని రాస్తాయి. అందులో వెటకారం ఉన్నా, ఎక్కడో కొంచెం మెచ్చుకోలు కూడా ఉంటుంది. అదే నాయకుడు మాట మారిస్తే ఎదుటి పార్టీవాడు మైకు పట్టుకుని ‘దొమ్మరి వేషాలు’ అంటాడు. ఇందులో మెచ్చుకోలు లేదు, ఒట్టి అసహ్యం. రెండు మాటల వెనకా ఉన్న పని మాత్రం ఒకటే. ఒళ్లు విల్లులా వంచడం, తాడు మీద నడవడం, గడ కొసన నిలబడటం, కింద పడకుండా ఉండటం. గుడారం వేసి టికెట్టు పెడితే అది కళ. వీధిలో డోలు కొట్టి చేస్తే అది కులం, ఆ తర్వాత తిట్టు.

సర్కస్ మీద రాయమని కొందరు విద్యార్థులు చాలా రోజులుగా అడుగుతున్నారు. రాయాలంటే గుడారం దగ్గర కాదు, గడ దగ్గర మొదలుపెట్టాలి.

పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రికి చేరిన ఆటగాళ్ల వరసలో గడల మీద ఆడేవాళ్లు ఉన్నారు. అంటే ఏడువందల ఏళ్ల కిందటే ఈ విద్య పూర్తిగా తయారైపోయి ఉంది. ‘క్రీడాభిరామం’ ఇంకా దగ్గరికి తీసుకెళుతుంది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లు వీధుల్లో వినోదాలు చూస్తూ తిరుగుతుంటారు. ఒకచోట ఒక పిల్ల వెనక్కి మొగ్గ వాలి, తొట్టెనీళ్లలో తల ముంచి, లోపలున్న ముక్కు నగని ముక్కుతోనే గుచ్చుకుని పైకి లేస్తుంది. నాలుకతో నల్లపూసల పేరు గుచ్చుతుంది. ఇవన్నీ ఎలా నేర్చిందో అని వీళ్లు ఆశ్చర్యపోతారు. పద్యం అక్కడితో అయిపోతుంది, స్నేహితులిద్దరూ ఇంకో వీధికి వెళ్లిపోతారు. ఆ పిల్ల పేరు మనకి తెలియదు. ఎలా నేర్చిందో కూడా ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లకి జవాబు అక్కర్లేదు, అది కేవలం ఆశ్చర్యార్థకం.

నేను ఈ పద్యం క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు బాగా వింటారు. ఇది ఏ కులం వాళ్ల విద్యో చెప్పగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. పద్యం విన్నంతసేపూ తల ఎత్తి ఉన్న ఒక అబ్బాయి, ఆ నవ్వుకి తల దించేశాడు. హాజరు పట్టీలో అతని ఇంటిపేరు మాత్రమే ఉంటుంది. ఏ కులమో తోటి పిల్లలకి తెలియకుండా రెండేళ్లు నెట్టుకొచ్చాడు. తర్వాత స్టాఫ్ రూముకి వచ్చి, “సార్, మా తాత గడ ఎక్కేవాడు. క్లాసులో చెప్పకండి” అన్నాడు. మన సాహిత్య చరిత్రలో ‘జానపద వినోదం’ అని రెండు పేజీలు ఉన్న విద్య, ఆ అబ్బాయి ఇంట్లో దాచుకోవాల్సిన విషయం.

ఇప్పుడు సర్కస్ పుట్టుక దగ్గరికి వద్దాం. గుండ్రటి బరిలో గుర్రాల ఆటలు చూపించే ఆధునిక సర్కస్‌ని 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ మొదలుపెట్టాడు. రింగ్ వ్యాసం 42 అడుగులుగా స్థిరపడింది కూడా గుర్రం కోసమే. ఆ వలయంలో గుర్రం పరిగెత్తితే దాని వీపు మీద మనిషి తూలకుండా నిలబడగలడు. మన దేశానికి 1879లో ఇటలీవాడు చియారిని తన కంపెనీతో బొంబాయి వచ్చాడు. మీ దేశం సొంత సర్కస్ పెట్టుకోగల స్థితిలో లేదని అతను ఎగతాళి చేశాడనీ, కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రాల శిక్షకుడు విష్ణుపంత్ ఛత్రే ఆ సవాలు తీసుకున్నాడనీ ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1880లో బొంబాయిలో ఛత్రే గారి ‘గ్రేట్ ఇండియన్ సర్కస్’ మొదటి ఆట ఆడింది. ఆయన్ని భారతీయ సర్కస్ పితామహుడు అంటారు. బెంగాల్‌లో ప్రియనాథ్ బోస్ కంపెనీ పెట్టాడు. పెద్దిళ్ల ఆడవాళ్లు గడప దాటని ఆ రోజుల్లో సుశీలా సుందరి అతని సర్కస్‌లో పులుల బోనులోకి వెళ్లింది. మన వైపు వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టి, ఇనప గొలుసులు తెంపి ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకున్నాడు. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. ఆయన బలం గురించి నాకేమీ అనుమానం లేదు, ఉండాల్సిన గౌరవమే అది. నేను చూడమంటున్నది తేదీలు.

1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. స్టువార్టుపురం గురించి ఈ వరుసలో ముందే మాట్లాడుకున్నాం. ఎరుకలవాళ్ల సంగతి చాలామందికి తెలుసు. దొమ్మరులు కూడా ప్రెసిడెన్సీలోని కొన్ని జిల్లాల్లో ఆ జాబితాలోకి వెళ్లారన్న సంగతి తక్కువమందికి తెలుసు. ఇవాళ్టికీ తమిళనాడు డీనోటిఫైడ్ కులాల పట్టికలో జిల్లాల పేర్లతో సహా ఆ కులం కనిపిస్తుంది. ఆ చట్టం కింద పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, ఊరు మారితే చెప్పాలి, పిలిచినప్పుడు స్టేషన్లో హాజరు పలకాలి. ఊరూరూ తిరిగితేనే పొట్ట నిండే వాళ్లకి ఊరు దాటడమే నేరమైంది.

అదే దశాబ్దాల్లో సర్కస్ కంపెనీలు రైలు డబ్బాల్లో గుర్రాల్నీ సింహాల్నీ ఎక్కించుకుని దేశమంతా తిరిగాయి. మహారాజులు బంగారు పతకాలు ఇచ్చారు. ఛత్రే బ్రాహ్మణుడు, బోస్ బెంగాలీ భద్రలోకం మనిషి. తెల్లవాడికి తీసిపోమని చూపించడానికి దేశానికి బలమైన దేహం కావాల్సొచ్చిన కాలం అది. ఆ దేహం సంస్థానం నుంచో, వ్యాయామశాల నుంచో వస్తే దేశభక్తి. సంచారి గుడిసె నుంచి వస్తే పోలీసు రిజిస్టరు. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, ఒకే మొగ్గ. (చట్టాన్ని 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. ఆగస్టు 15న జెండా ఎగరేసేటప్పుడు ఆ ఐదేళ్ల సంగతి ఎవరూ గుర్తు చేయరు.)

ఇక్కడితో ఆపితే కథ సులువు. పైవాళ్లు కిందివాళ్ల విద్యని దోచుకున్నారు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. తలస్సేరి ఆ ముక్కని అంత తేలిగ్గా నిలబడనివ్వదు.

ఉత్తర కేరళలో ఆ చిన్న రేవు పట్టణాన్ని మూడు విషయాలకి చెప్పుకుంటారు: క్రికెట్, కేకు, సర్కస్. ఛత్రే కంపెనీ అక్కడికి వచ్చినప్పుడు కీలేరి కుంజికన్నన్ అనే కళరి, జిమ్నాస్టిక్స్ గురువుతో పరిచయమైంది. కుంజికన్నన్ తియ్యా కులస్తుడు. ఆ రోజుల మలబారులో తియ్యాలు నంబూద్రి ఎదురైతే అడుగులు లెక్కపెట్టి దూరంగా నిలబడాల్సినవాళ్లు. వాళ్ల తర్వాత ఇంకా ఎక్కువ అడుగుల దూరంలో పులయలు. అలాంటి చోట 1901లో ఆయన చిరక్కరలో సర్కస్ శిక్షణ శాల పెట్టాడు. కులం, మతం అడక్కుండా పిల్లల్ని తీసుకున్నాడు. ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు నిలబడి పిరమిడ్ కట్టాలంటే ముట్టుకోక తప్పదు కదా! ఊయల నుంచి ఎగిరి వచ్చినవాడి మణికట్టు పట్టుకునేవాడు ముందు వాడి కులం ఆలోచిస్తే వాడు కింద వలలో ఉంటాడు.

ఆయన శిష్యుడు పరియాలి కన్నన్ సొంత కంపెనీ పెట్టాడు, గ్రాండ్ మలబార్ సర్కస్. తర్వాత కంపెనీల మీద కంపెనీలు వచ్చాయి. తలస్సేరి నుంచి వెళ్లిన కన్నన్ బొంబాయో 1930లలో యూరప్, అమెరికా సర్కసుల్లో తాడు మీద పిల్లిమొగ్గలు వేశాడు. అదే తలస్సేరిలో 1908లో నారాయణ గురు తియ్యాల కోసం జగన్నాథ ఆలయం ప్రతిష్ఠించారు. గుడి గురించి కేరళ సంస్కరణ చరిత్రలో చదువుతాం. గుడారం గురించి చదవం. నా దృష్టిలో రెండూ ఒకే పోరాటానికి రెండు దారులు. ఒకటి దేవుడి దగ్గరికి, ఇంకొకటి రైలు స్టేషన్‌కి. నిషా పి.ఆర్. రాసిన ‘జంబోస్ అండ్ జంపింగ్ డెవిల్స్’ (2020) సర్కస్‌ని వినోదంగా కాక సామాజిక చరిత్రగా చదివిన పుస్తకం. పరిశోధన చేస్తున్నవాళ్లు తప్పక చూడండి. ఇలాంటిది తెలుగులో లేదు.

సర్కస్ ఆకర్షణ ఏమిటని అడిగితే చాలామంది ఏనుగులు, సింహాలు అంటారు. రాత్రి పూట ఆకాశంలో తిరిగే సెర్చ్‌లైటు, ఊరి చివర వినిపించే సింహం గర్జన, రిక్షాలో మైకు. అది చూసేవాళ్ల ఆకర్షణ. వెళ్లిపోయినవాళ్ల ఆకర్షణ వేరు. పుట్టిన ఊళ్లో నీ పేరు ముందు కులం పలుకుతుంది. గుడారంలో నీ పేరు ముందు నీ ఐటమ్ పలుకుతుంది. ట్రపీజ్ అతను, సైకిల్ అమ్మాయి, వైరు మాస్టారు. ఒకే వంటశాల, ఒకే బంతి. మలయాళీ, మరాఠీ, బెంగాలీ కలిసిన హిందీ ఒకటి వాళ్ల భాష. పెళ్లిళ్లు కంపెనీలోనే అవుతాయి, కులం చూడటానికి పెద్దలు దగ్గర ఉండరు. అంబేడ్కర్ కులనిర్మూలనకి చెప్పిన మందు కులాంతర వివాహం. ఆ మందు ఎవరూ సిద్ధాంతం చెప్పకుండానే గుడారాల్లో వాడారు. పొట్టిగా పుట్టినందుకు ఊళ్లో రాళ్లు తిన్న మనిషి ఇక్కడ నెల జీతం తీసుకునే జోకరు. నవ్వించడం కోసం తన పొట్టితనాన్నే రోజుకి మూడుసార్లు అమ్ముకోవాలి, నిజమే. కానీ ఊళ్లో ఆ నవ్వు ఉచితంగా తీసుకున్నారు.

మా ఊరికి సర్కస్ వస్తే కాలేజీ గ్రౌండులో దిగేది. మేకులు దిగ్గొట్టడానికి, నీళ్లు మోయడానికి, ఏనుగులకి రావికొమ్మలు నరికి తేవడానికి మా వాడ నుంచే మనుషుల్ని పిలిచేవాళ్లు. మా నాన్న సమ్మెట కొట్టడానికి వెళ్లేవాడు. కూలితో పాటు గ్యాలరీ టికెట్లు రెండు ఇచ్చేవాళ్లు. అలా నేను చూశాను. ముందు కుర్చీలు, వెనక సోఫాలు లాంటివేవో పెద్దవాళ్లకి, వాటి వెనక చెక్కల గ్యాలరీ మాకు. గ్యాలరీ మీద నుంచే బాగా కనపడుతుందని నాన్న నమ్మకం. అది నిజం కూడా, ట్రపీజ్ పైనే కదా ఉంటుంది. కానీ ఆయన ఇంటికొచ్చి చెప్పేది ఆట గురించి కాదు. మధ్యాహ్నం గుడారం వెనక చూసినవి చెప్పేవాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని బట్టలు ఉతుక్కుంటున్న పిల్లల గురించి, ఆడపిల్లల గుడారాల చుట్టూ ఇంకో తడిక, దాని దగ్గర ఒక కాపలావాడు. “లోపలికెవరూ పోకుండానా, బయటికెవరూ రాకుండానా?” అని మా అమ్మ అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు.

కష్టం గురించి చెప్పాలంటే ఆ తడిక దగ్గరే మొదలవుతుంది. తెల్లవారకముందే సాధన. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి మూడు ఆటలు. జ్వరం వచ్చినా ఐటమ్ ఆగదు, ఎందుకంటే పిరమిడ్‌లో ఒకళ్లు తగ్గితే మిగతా అందరి లెక్కా తప్పుతుంది. వల ఉంది కదా అనుకుంటాం. వల మీద కూడా వీపు మీదే పడాలి. తల ముందో, కాళ్లు ముందో పడితే మెడో మోకాలో పోతుంది. ఎగరడం కన్నా ముందు పడటం నేర్పేది అందుకే. ఎముక ముదరకముందే ఒళ్లు వంచాలని ఐదారేళ్లకే తెచ్చేవాళ్లు. ముప్పై దాటితే ఆ ఒళ్లు పైనుంచి కిందికి దిగుతుంది. ట్రపీజ్ నుంచి కుక్కల ఆటకి, అక్కడి నుంచి తెర లాగే పనికి. ఆట మానేస్తే చేతిలో ఏముంటుంది? రేషన్ కార్డు ఏ ఊరిది? ఓటు ఎక్కడ? పిల్లల బడి ఏ మాధ్యమంలో? కేరళ ప్రభుత్వం రిటైరైన సర్కస్ కళాకారులకి పింఛను ఇస్తోంది. అది ఊరికే రాలేదు, ఒక ఊరు మొత్తం సర్కస్ మనుషులై ఉండటం వల్ల వచ్చింది. చెల్లాచెదురుగా ఉన్నవాళ్లకి అడగడానికి ఊరు లేదు.

అసలు మలుపు ఇక్కడ ఉంది. 1970ల తర్వాత మలయాళీ పిల్లలు సర్కస్‌కి రావడం తగ్గిపోయింది. బడులు పెరిగాయి, గల్ఫ్ దారి తెరుచుకుంది. కుంజికన్నన్ ఊళ్లో 2010లో ప్రభుత్వమే సర్కస్ అకాడమీ పెట్టినా కొన్నేళ్లకే మూతపడింది. ఒక కులం, ఒక ప్రాంతం గుడారాన్ని మెట్టుగా వాడుకుని పైకి వెళ్లింది. మంచిదే. కానీ ఖాళీ అయిన ఊయల మీదికి ఎవరో రావాలి కదా. వచ్చింది బెంగాల్ పేద పల్లెల పిల్లలు, ఆ తర్వాత నేపాల్ పిల్లలు. కఠ్మండుకి దక్షిణాన మక్వాన్‌పూర్ జిల్లా నుంచి, హెటౌడా చుట్టుపక్కల పల్లెల నుంచి దళారులు ఆడపిల్లల్ని తీసుకొచ్చారు. తల్లిదండ్రుల చేతిలో కొంత డబ్బు పెట్టి, చదవడం రానివాళ్లతో ఏళ్ల తరబడి ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకున్నారు. పారిపోవాలంటే భాష రాదు, దారి తెలియదు, తడిక ఉంది. పోలీసు రిజిస్టరులో వేలిముద్రతో మొదలుపెట్టాం గుర్తుందా? గుడారం కూడా చివరికి వేలిముద్ర దగ్గరికే వచ్చింది.

2004లో ఉత్తరప్రదేశ్‌లోని గోండా జిల్లాలో ఒక సర్కస్ నుంచి నేపాలీ అమ్మాయిల్ని విడిపించడానికి వెళ్లిన కైలాష్ సత్యార్థి బృందం మీద దాడి జరిగింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ 2006లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2011 ఏప్రిల్ 18న తీర్పు వచ్చింది. సర్కసుల్లో పిల్లల్ని పెట్టుకోకుండా నోటిఫికేషన్ ఇవ్వాలని, దాడులు చేసి ఉన్నవాళ్లని విడిపించాలని, పునరావాసం కల్పించాలని కోర్టు చెప్పింది. ఇంకో తేదీ పక్కన పెట్టి చూడండి. సర్కస్‌లో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ఆటల్ని నిషేధిస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది 1998లో. 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాయి. గుడారాల నుంచి వచ్చిన సింహాలకి విశాఖపట్నం, తిరుపతి జూలలో రక్షణ కేంద్రాలు కట్టారు. సింహానికి చేసింది న్యాయమే, దాని మీద నాకు పేచీ లేదు. పిల్లల తీర్పు వచ్చేసరికి ఇంకో పదేళ్లు పట్టిందన్నదే నా లెక్క.

చట్టం చదివే అలవాటున్న విద్యార్థులు 2016 బాలకార్మిక సవరణ తీసి చూడండి. 14 ఏళ్లలోపు పిల్లల చేత పని చేయించకూడదు, రెండు మినహాయింపులతో. సినిమా, టీవీ, ప్రకటనలు, ఆటల్లో పిల్లలు కళాకారులుగా చేయవచ్చు, ‘సర్కస్ తప్ప’. బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చు, ప్రమాదకరమైన పని కాకపోతే. ఈ దేశంలో కుటుంబ వృత్తి అంటే కులవృత్తి అని అప్పట్లోనే చాలామంది మొత్తుకున్నారు. ఇప్పుడు లెక్క చూడండి. గుడారంలో తాడెక్కిన పాప బాలకార్మికురాలు, విడిపించాలి. టీవీ డాన్స్ షోలో తలకిందులుగా గాల్లోకి ఎగిరిన పాప కళాకారిణి, మార్కులు వేయాలి. సిగ్నల్ దగ్గర రెండు కర్రల మధ్య కట్టిన తాడు మీద, నెత్తిన చెంబులు పెట్టుకుని నడుస్తున్న పాప? తండ్రి పక్కనే డోలు కొడుతున్నాడు కాబట్టి అది కుటుంబ వృత్తా, లేక ప్రమాదమా? అక్కడ నిలబడ్డ కానిస్టేబులు ఎటు చదివితే అటు. దొమ్మర కులానికి మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏలో చోటుంది. దొమ్మర నంద్యాల, దొమ్మర పోచంపల్లి అని ఊళ్ల పేర్లలో కూడా చోటుంది. ఆ పాపకి బడి రిజిస్టరులో చోటుందా అన్నది వేరే ప్రశ్న.

నేపాల్ తిరిగి వెళ్లిన పిల్లల సంగతి చెప్పి ఆపుతాను. విడిపించినవాళ్లు వాళ్లకి కుట్టుపని లాంటివి నేర్పబోయారు. అందరికీ అది పట్టలేదు. వాళ్ల ఒంట్లో ఉన్నది వేరే విద్య. బలవంతంగా నేర్పిందే, కానీ నేర్చుకుంది వాళ్లే. 2010 ప్రాంతంలో వాళ్లలో కొందరు ‘సర్కస్ కఠ్మండు’ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఎవరూ తడిక కట్టలేదు, ఎవరి వేలిముద్రా తీసుకోలేదు. పిల్లల అమ్మకం గురించి పల్లెల్లో ఆడి చూపించారు, ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో కూడా ఆడారు.

ఇది చదువుతున్న మీ ఊళ్లలో గడ ఎక్కినవాళ్లు, సర్కస్‌లో చేసి వచ్చినవాళ్లు పెద్ద వయసులో ఇంకా ఉన్నారు. వెళ్లండి. వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేయండి, పేరు వద్దంటే రాయకండి. ఏ వయసులో మొదలుపెట్టారు, ముందు ఏ మొగ్గ నేర్పారు, పడినప్పుడు కట్టు ఎవరు కట్టారు, ఊళ్లోకి రావడానికి ఎవరి అనుమతి తీసుకునేవాళ్లు, ఆట అయ్యాక ఎక్కడ పడుకోనిచ్చేవాళ్లు, ఇవి అడగండి. ఓరుగల్లు వీధిలో ఆ ఇద్దరు స్నేహితులు ‘ఎలా నేర్చిందో’ అనుకుని వెళ్లిపోయారు. మీరు జవాబు వినేదాకా కూర్చోండి.